పైన్ అడవిని చంపిన పురుగు: ఐదు మిల్లీమీటర్ల ఒంటికి అంత శక్తి ఎక్కడిది?

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 1990ల చివర మొదలైన ఒక పురుగు ఉద్ధృతి, తగ్గుముఖం పట్టేలోగా దాదాపు 1.8 కోట్ల హెక్టార్ల అడవిని తాకింది. అంటే 1.8 లక్షల చదరపు కిలోమీటర్లు. నేటి ఆంధ్రప్రదేశ్ మొత్తం కలిపినా సుమారు 1.63 లక్షలే. ఆ విస్తీర్ణంలో ప్రతి చెట్టూ చావలేదు గానీ, అక్కడ కలపకు పనికొచ్చే పైన్‌లో సగానికి పైగా పోయింది. దీనంతటికీ కారణం మౌంటెన్ పైన్ బీటిల్ అనే నల్లటి పెంకుపురుగు. బియ్యపుగింజంత ఉంటుంది.

కెనడా రాకీ పర్వతాల్లోని బాన్ఫ్, జాస్పర్ వైపు వెళ్లే తెలుగువాళ్లు రోడ్డు పక్కన ఎర్రబారిన చెట్లను, ఆకులు రాలి బూడిదరంగుకు తిరిగిన మానులను చూసి సాధారణంగా ఒకే మాట అడుగుతారు: ఇంత చిన్న పురుగు అంత పెద్ద మానును ఎలా తినేసింది? చిక్కు ఆ ప్రశ్నలోనే ఉంది, ఎందుకంటే అది మానును తినదు. బెరడు కింద కొద్ది మిల్లీమీటర్ల మందం ఉన్న పొరలోనే దాని సంసారమంతా. పైగా చెట్టు మీద గెలవడానికి దాని దవడల బలం ఒక్కటే చాలదు. నోట్లో మోసుకొచ్చేదీ, నోటితో రుచి చూసేదీ, మీసాలతో పసిగట్టేదీ కలిస్తేనే చెట్టు పడుతుంది. వీటిలో ఏది ఎంత ముఖ్యమన్నది శాస్త్రవేత్తల మధ్య ఇప్పటికీ నలుగుతున్న విషయం.

ఏ పురుగు, చెట్టులో ఏ పొర

బెరడు పురుగులు నిజానికి ముక్కుపురుగుల కుటుంబానికి చెందినవి. బియ్యంలో పట్టే ముక్కుపురుగుకు బంధువులే, కానీ వీటికి ఆ పొడుగాటి ముక్కు లేదు. స్కోలిటినే అనే ఈ ఉపకుటుంబంలో ఆరు వేల దాకా జాతులున్నాయి. అధిక భాగం చచ్చిన కొమ్మల్లో, గాలికి పడిపోయిన చెట్లలో బతుకుతూ అడవికి మేలే చేస్తాయి. నిక్షేపంలా ఉన్న చెట్టును చంపగలిగేవి వేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని. డెండ్రోక్టోనస్ ప్రజాతిలో అలాంటివి కొన్ని ఉన్నాయి, మౌంటెన్ పైన్ బీటిల్ వాటిలో ఒకటి.

చెట్టు సంగతి కూడా కొంచెం చూడాలి. బయటి ఎండు బెరడు కింద పోషక కణజాలం ఉంటుంది, ఆకుల్లో తయారైన చక్కెరలు కిందికి దిగే దారి అదే. దానికి లోపల నీటిని పైకి చేర్చే దారువు. ఆడపురుగు బెరడుకు కన్నం వేసి పోషక కణజాలంలోకి చేరి, మాను పొడవునా పైకి సొరంగం తవ్వుతూ ఇరుపక్కలా గుడ్లు పెడుతుంది. పిల్లపురుగులు అక్కడినుంచి అడ్డంగా తొలుచుకుంటూ పోతాయి.

పైన్ చూస్తూ ఊరుకోదు. కన్నం పడగానే ఒత్తిడితో జిగురు ఎగదన్నుతుంది. అందులోని మోనోటెర్పీన్లు అనే ఘాటు పదార్థాలు పురుగుకు విషం. ఆరోగ్యంగా ఉన్న చెట్టు మీద ఒకటో రెండో పురుగులు వాలితే జిగురులో మునిగి చస్తాయి. అందుకే ఇది ఒంటరిగా గెలవలేని పురుగు.

బొద్దింక పాఠం గుర్తుంటే ఈ నోరు అర్థమవుతుంది

ఇంటర్లో బైపీసీ చదివినవాళ్లు బొద్దింక నోటిభాగాల బొమ్మ గీసే ఉంటారు: పై పెదవి, ఒక జత హనువులు (కొరికే దవడలు), వాటి వెనక ఒక జత జంభికలు, కింద అధరం (కింది పెదవి). బెరడు పురుగు నోరు కూడా కొరికి నమిలే రకమే, కానీ సొరంగం బతుకుకు తగ్గట్టు కుదించుకుపోయింది. పెద్ద పురుగుకు విడిగా కనిపించే పై పెదవి లేదు. తల ముందరి అంచే గట్టి పట్టీలా నోటికి కప్పుగా ఉంటుంది, దాని మీద వెంట్రుకల వరుస. అదే పురుగు పిల్లగా ఉన్నప్పుడు మాత్రం పై పెదవి ఉంటుంది.

హనువులు పొట్టిగా, మందంగా, లోపలి అంచున మొద్దు పళ్లతో ఉంటాయి. పక్కలనుంచి దగ్గరకు వచ్చి కొరుకుతాయి. వాటిని మూసే కండరాలకే తలలో చాలా చోటు పోతుంది. గింజల్నీ కలపనూ తొలిచే అనేక కీటకాల్లో హనువుల కోసే అంచు జింకుతోనో మాంగనీసుతోనో గట్టిపడి ఉంటుందని కొలతల్లో తేలింది. కొరికిన పొట్టులో కొంత మింగి, మిగతాది కాళ్లతో వెనక్కి నెట్టేస్తుంది. మొదట్లో చెట్టు కింద కనిపించే గోధుమరంగు పొడి ఇదే. మింగినదాన్ని అంతర జఠరంలోని గట్టి పలకలు మళ్లీ నూరుతాయి. ఆ పలకల ఆకారం జాతికో తీరుగా ఉంటుంది కాబట్టి, బెరడు పురుగుల్ని వర్గీకరించేవాళ్లు దాన్ని కూడా చూస్తారు.

జంభిక దగ్గర కొంచెం ఆగాలి. దానికి మొదట కార్డో అనే కీలు ముక్క, తర్వాత కాండం అనే ముక్క, దాని మీద గట్టి ముళ్లవరుస ఉన్న ఒకే ఒక తమ్మె, పక్కన మూడు కణుపుల స్పర్శాంగం. బొద్దింకలో ఆ తమ్మె రెండుగా ఉంటుంది, ఇక్కడ కలిసిపోయింది. ముళ్లవరుస పొట్టును నోట్లోకి తోస్తుంది. అధరం చిన్నది, దానికీ చెరో పక్క స్పర్శాంగం ఉంది.

జంభిక మొదట్లో దాచిన బూజు సంచి

1970లో కెనడా పరిశోధకులు ఈ పురుగు జంభికల కార్డోలో చర్మం లోపలికి మడతపడి ఏర్పడిన ఒక జత సంచుల్ని వర్ణించారు. వాటి నిండా శిలీంధ్రాల (బూజుల) సిద్ధబీజాలు, అంటే స్పోర్లు ఉన్నాయి. శిలీంధ్రాన్ని మోయడానికే ప్రత్యేకించిన ఇలాంటి సంచిని మైకాంజియం అంటారు. మౌంటెన్ పైన్ బీటిల్‌లో ఇది ఆడ, మగ రెండింటికీ ఉంది. పురుగు నములుతూ జంభికల్ని కదిలించేకొద్దీ సిద్ధబీజాలు బయటపడి సొరంగం గోడలకు అంటుకుంటాయి. కొరకడం, నాటడం రెండూ ఒకే పనిలో జరిగిపోతాయి.

ఈ సంచి ఎక్కడుండాలన్నదానికి ఒకే పద్ధతి లేదు. ఇదే ప్రజాతికి చెందిన సదరన్ పైన్ బీటిల్‌లో అది ఆడపురుగుకు మాత్రమే, తల వెనకున్న వక్షభాగం ముందు అంచులో ఉంటుంది. దానిమ్మ, తేయాకు రైతులకు తెలిసిన షాట్‌హోల్ బోరర్లలో యూవాలేసియా రకాలకు హనువుల దగ్గర ఉంటుంది. రెడ్ టర్పెంటైన్ బీటిల్‌కు అసలు సంచే లేదు, శిలీంధ్రాలు ఒంటికి అంటుకుని వస్తాయి. ఒకే అవసరం కోసం వేర్వేరు వంశాల్లో వేర్వేరు చోట్ల ఏర్పాటు జరిగింది. కాబట్టి శిలీంధ్రం ఈ పురుగులకు ఏదో యాదృచ్ఛికంగా అంటుకున్న మురికి కాదని గట్టిగా చెప్పవచ్చు.

మౌంటెన్ పైన్ బీటిల్ సంచిలో ప్రధానంగా దొరికేవి గ్రోస్మానియా క్లావిజెరా, ఓఫియోస్టోమా మాంటియం. చెట్టు దారువును నీలంగా మార్చేవి ఇవే. మొదటిది చల్లటి వాతావరణంలో బాగా పెరుగుతుంది, రెండోది వెచ్చదనంలో. ఎండ తీవ్రత ఏడాదికోలా, కొండకోలా ఉండే చోట రెండింటినీ వెంటబెట్టుకోవడం పురుగుకు కలిసొస్తుంది.

పిల్లపురుగులకు ఈ శిలీంధ్రాలు ఆహారం. పోషక కణజాలంలో చక్కెరలున్నా నత్రజని తక్కువ. శిలీంధ్రం చుట్టుపక్కల కణజాలంనుంచి నత్రజనిని లాగి పిల్లలున్న చోట పోగుచేస్తుంది. స్టెరాల్స్ అనే కొవ్వు జాతి పదార్థాలు కూడా ఇస్తుంది. కీటకాలేవీ వాటిని సొంతంగా తయారుచేసుకోలేవు, తిండిలో దొరకాల్సిందే. ప్యూపా దశ దాటిన కొత్త పురుగు బయటికి ఎగిరేముందు, తన గది గోడలమీద దట్టంగా పెరిగిన శిలీంధ్రాన్ని మేస్తుంది. ఆ మేతలోనే సంచి మళ్లీ నిండుతుంది.

నోటి మీది జ్ఞానకేశాలు ఏం చెబుతాయి

స్పర్శాంగాల కొసను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడితే, చదునైన చివర మీద పొట్టి మేకుల్లాంటి జ్ఞానకేశాలు (వాసన, రుచి, తాకిడి గుర్తించే వెంట్రుకలు) గుంపుగా కనిపిస్తాయి. వీటి ఆకారాన్ని బట్టి పనిని ఊహించే పద్ధతి ఒకటుంది. గోడ నిండా సన్నటి రంధ్రాలుంటే అది వాసన పట్టేది. కొనలో ఒక్క రంధ్రమే ఉంటే రుచి చూసేది. రంధ్రమే లేకుండా మొదట్లో కదిలే కీలుంటే తాకిడిని గుర్తించేది. స్పర్శాంగాల కొసనున్న వాటిలో రెండో రకం ఉండటం వల్ల, పురుగు నాలుక అక్కడే ఉందనుకోవచ్చు. హనువుల మీదా వెంట్రుకలున్నాయి. కొరికేటప్పుడు ఎంత ఒత్తిడి పడుతోందో, పొట్టు ఎటు కదులుతోందో చెప్పే తాకిడి వెంట్రుకలవి.

పెంకుపురుగుల్లో జంభిక స్పర్శాంగం ఆఖరి కణుపు పక్కన మరో వింత నిర్మాణం సాధారణంగా కనిపిస్తుంది. సన్నటి వేళ్లలాంటి కేశాలు గాడుల్లో పడుకుని ఉంటాయి. అవి కార్బన్ డయాక్సైడును గుర్తిస్తాయని కొందరు, తేమనూ ఉష్ణోగ్రతనూ అని కొందరు, ప్రకంపనల్ని అని ఇంకొందరు అన్నారు. బెరడు కింది చీకటి సొరంగంలో ఈ మూడూ పనికొచ్చే సమాచారమే, అందుకే ఒక్కదానికి తేల్చడం కష్టమైంది. ఆకారాన్ని చూసి పని చెప్పడం మంచి మొదలే గానీ నిరూపణ కాదు. కేశంలోని నాడీకణం దేనికి స్పందిస్తోందో సన్నటి ఎలక్ట్రోడుతో కొలిచినప్పుడే మాట ఖాయమవుతుంది. మీసాల మీద ఆ పని చాలా జరిగింది, నోటిభాగాల మీద తక్కువ. నోటి జ్ఞానకేశాల గురించి చదివేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

మీసాల గదలో వాసన భాష

తల ముందు భాగంలో మోచేతిలా వంగిన రెండు మీసాలుంటాయి. పాఠ్యపుస్తకం మాటలో స్పర్శశృంగాలు. పొడుగాటి మొదటి కణుపు, తర్వాత ఐదు చిన్న కణుపులు, చివర బల్లపరుపు గద. వాసన కేశాలు ప్రధానంగా ఈ గద మీదే పట్టీలు పట్టీలుగా గుమిగూడి ఉంటాయి. పొడుగాటి గట్టి వెంట్రుకలు తాకిడికి, సన్నటివీ పొట్టి మేకుల్లాంటివీ వాసనకు. గోడ రంధ్రాల్లోంచి లోపలికి వచ్చిన అణువును అక్కడి ద్రవంలోని ప్రొటీన్లు నాడీకణం దగ్గరకు చేరుస్తాయి. కణం పొర మీది గ్రాహకానికి అది సరిపోతే సంకేతం మెదడుకు వెళ్తుంది. 2013లో ఈ పురుగు మీసాల్లో పనిచేస్తున్న జన్యువులను పరిశీలిస్తే దాదాపు 50 వాసన గ్రాహకాలు బయటపడ్డాయి.

ఈ గ్రాహకాలు ఎంత నిశితమైనవో తెలియడానికి మరో పైన్ పురుగు ఐప్స్ పైని మంచి ఉదాహరణ. అది విడుదల చేసే ఇప్స్‌డైనాల్ అనే పదార్థానికి అద్దంలో ప్రతిబింబాల్లాంటి రెండు రూపాలున్నాయి. అణువులో పరమాణువులు అవే, అమరిక మాత్రం కుడి ఎడమలు మారుతుంది. కాలిఫోర్నియా పురుగులు ఒక రూపాన్నే తయారుచేస్తాయి, దానికే వస్తాయి. రెండోది కలిస్తే వెనక్కి తగ్గుతాయి. న్యూయార్క్ పురుగులకు రెండూ కలిసిన మిశ్రమమే ఇష్టం. మీసం మీద ఆ రెండు రూపాలకు వేర్వేరు నాడీకణాలున్నాయని కొలతల్లో తేలింది.

ఒక చెట్టు మీద దాడి, లెక్కతో

మన పొలాల్లో లింగాకర్షక బుట్టలు తెలియని రైతు ఉండడు. వాటిలోని ఎర మగ రెక్కలపురుగుల్ని మాత్రమే పిలుస్తుంది. బెరడు పురుగుల పిలుపు వేరు. ఆడా మగా అందరూ రావాలన్నది దాని అర్థం. దీన్ని సమూహ ఫెరోమోన్ అంటారు.

మౌంటెన్ పైన్ బీటిల్‌లో మొదట చెట్టును పట్టేది ఆడపురుగు. పైన్ జిగురులోని ఆల్ఫా-పైనీన్‌ను అది ట్రాన్స్-వెర్బెనాల్‌గా మార్చి వదులుతుంది. చెట్టు తనను కాపాడుకోవడానికి పెట్టుకున్న విషమే పురుగుల చేతిలో పిలుపవుతుంది. 2018లో వచ్చిన ఒక అధ్యయనం ఇంకో విశేషం చూపింది. పిల్లదశలోనే ఆ పదార్థాన్ని కొవ్వు ఆమ్లాలతో కలిపి ఒంట్లో దాచుకుని, పెద్దయ్యాక ఆడపురుగులు అందులోంచి విడుదల చేస్తాయి. అంటే పుట్టిన చెట్టు జిగురు కొత్త చెట్టు మీద పిలుపుగా పనికొస్తోంది. వచ్చిన మగపురుగులు ఎక్సో-బ్రెవికోమిన్ వదులుతాయి. అది కొద్దిగా ఉంటే ఆకర్షణ, బాగా ఎక్కువైతే వికర్షణ.

ఎన్ని రావాలి? లాడ్జ్‌పోల్ పైన్ మీద జరిగిన ప్రసిద్ధ పరిశోధనలో, చదరపు మీటరు బెరడుకు దాదాపు 40 కన్నాలు దాటితే చెట్టు లొంగిపోతుందని, పిల్లల బతుకుకు 60 ప్రాంతం అనుకూలమని తేలింది. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న చెట్టు తీసుకుందాం. చుట్టుకొలత దాదాపు 0.94 మీటరు. కిందినుంచి ఐదు మీటర్ల ఎత్తు వరకు దాడి జరిగితే బెరడు వైశాల్యం 4.7 చదరపు మీటర్లు. నలభై చొప్పున 188 కన్నాలు, అరవై చొప్పున 282. కన్నానికి ఒక ఆడపురుగు. సొరంగం సగటున 30 సెంటీమీటర్లనుకుంటే, అరవై కన్నాలకు ఒక్క చదరపు మీటరు బెరడు కింద 18 మీటర్ల సొరంగం. పిల్లలు అడ్డంగా తొలిచేది దీనికి అదనం. చక్కెర దిగే దారి చెట్టు చుట్టూ తెగిపోవడానికి అది చాలు.

అరవై దాటాక ఇంకా వస్తూ ఉంటే పిల్లలకు తిండి చాలదు. అక్కడ వెర్బెనోన్ అనే మరో పదార్థం రంగంలోకి వస్తుంది. ట్రాన్స్-వెర్బెనాల్‌ను సొరంగాల్లోని ఈస్టులు, ఇతర సూక్ష్మజీవులు మార్చడం వల్ల ఇది పోగవుతుంది. చెట్టు నిండిపోయిందని మీసాలకు తెలిసేది దీనితోనే. కొత్తగా వచ్చినవి పక్క చెట్టుకు మళ్లుతాయి. పరిమాణాలు మారేకొద్దీ అర్థం మారే ఈ సంభాషణే మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా అబ్బురంగా తోచేది.

చెట్టును చంపేది పళ్లా, బూజా?

చాలాకాలంగా పాఠ్యగ్రంథాల్లో ఉన్న వాదన ఇది: పురుగు తెచ్చిన నీలి శిలీంధ్రం దారువులో పాకి నీటి దారిని మూసేస్తుంది, చెట్టు రక్షణ శక్తిని హరిస్తుంది, అసలు హంతకి శిలీంధ్రమే. దీనికి ఆధారాలున్నాయి. గ్రోస్మానియాను దట్టంగా ఎక్కిస్తే, పురుగు లేకపోయినా పైన్ చెట్లు చనిపోయిన ప్రయోగాలు జరిగాయి. 2011లో వెల్లడైన దాని జన్యుక్రమం, జిగురులోని మోనోటెర్పీన్లను తట్టుకునే ఏర్పాట్లు దానికి ఉన్నాయని చూపింది.

అదే 2011లో డయానా సిక్స్, మైకేల్ వింగ్‌ఫీల్డ్ అనే శాస్త్రవేత్తలు ఈ వాదనను సూటిగా సవాలు చేశారు. వెస్టర్న్ పైన్ బీటిల్ వెంట వచ్చే శిలీంధ్రాలకు చెట్టును జబ్బుపరిచే గుణం పెద్దగా లేదు, అయినా ఆ పురుగు చెట్లను చంపుతోంది. సదరన్ పైన్ బీటిల్ వెంట కనిపించే ఉగ్రమైన శిలీంధ్రం ఓఫియోస్టోమా మైనస్ ఆ పురుగు పిల్లలకే శత్రువు. చంపే శక్తి పురుగుకు అంత అవసరమైతే ఇలా ఉండకూడదు. శిలీంధ్రపు దూకుడు చెట్టు రక్షణ మధ్య తాను బతకడానికీ, పోటీ శిలీంధ్రాలను నెట్టేయడానికీ కావచ్చునని వారి అభిప్రాయం.

రెండు వైపులా చూశాక నాకు బలంగా కనిపిస్తున్నది, శిలీంధ్రం పిల్లలకు ఆహారమన్న విషయం. దానిమీద పెద్దగా వివాదం లేదు. చంపడంలో దాని వాటా మాత్రం జాతిని బట్టి మారుతున్నట్టుంది. మౌంటెన్ పైన్ బీటిల్‌కు రుజువైన సంగతిని బెరడు పురుగులన్నిటికీ అంటగట్టడమే చాలా గందరగోళానికి మూలం.

మొదటి పురుగు చెట్టును ఎలా ఎంచుకుంటుంది

ఇది రెండో వివాదం. ఇంకా ఏ పిలుపూ లేనప్పుడు మొట్టమొదటి ఆడపురుగు దూరంనుంచే వాసన పట్టి వస్తుందా, లేక కనిపించిన ప్రతి మాను మీదా వాలి కొరికి చూసి నిర్ణయిస్తుందా? తగిన చెట్ల మీద, తగని చెట్ల మీద సమానంగా వాలుతున్నట్టు చూపిన పరిశీలనలున్నాయి. అదే నిజమైతే తీర్పు చెప్పేది నోటి స్పర్శాంగాలే. పైన్ వాసనకే పురుగులు వస్తున్నట్టు చూపిన ప్రయోగాలూ ఉన్నాయి. లావుపాటి, నిలువుగా నల్లగా కనిపించే మానుల వైపు కంటిచూపు నడిపిస్తుందన్నది ఖాయం. పైన్ కాని ఆకురాల్చే చెట్ల వాసనలు వెనక్కి తిప్పుతాయన్నదీ తేలింది. బహుశా చూపు, వాసన, రుచి వరుసగా వడపోస్తాయి, ఎవరు ఏ దశను కొలిచారో దాన్నే చూశారు.

డెండ్రోక్టోనస్ ప్రజాతిలోనే ఈ విషయంలో తేడాలున్నాయి. 1998లో చైనాలోని షాన్సీలో బయటపడిన రెడ్ టర్పెంటైన్ బీటిల్ ప్రధానంగా చెట్టు వాసనకే, అందులోనూ 3-కారీన్ అనే పదార్థానికి వస్తుంది. అమెరికాలో అది నీరసించిన చెట్లను ఆశించే మామూలు పురుగు. చైనాలో లక్షల పైన్ చెట్లను చంపింది.

ఈ తెలివిడితో ఎర ఎలా పెడతారు

2006లో గాలివాటున పెద్ద గుంపులు రాకీ పర్వతాలు దాటి ఆల్బర్టాలో దిగాక, అక్కడ ఇంతకుముందు ఈ పురుగును ఎరగని జాక్ పైన్ అనే మరో రకం పైన్‌కు కూడా పట్టింది. ట్రాన్స్-వెర్బెనాల్, ఎక్సో-బ్రెవికోమిన్ ఎరలతో పురుగుల్ని కొన్ని చెట్లకు రప్పించి, పిల్లలు ఎగిరేలోపు ఆ చెట్లను నరికేయడం ఒక పద్ధతి. విలువైన చెట్లకు వెర్బెనోన్ సంచులు తగిలించి, ఇక్కడ చోటు లేదని నమ్మించడం ఇంకొకటి. పురుగులు తక్కువగా ఉన్నప్పుడు ఇది బాగానే కాపాడుతుంది. ఉద్ధృతి ముదిరితే వెర్బెనోన్ ఉన్నా లెక్కచేయవు.

ఇదే ఉపకుటుంబం పురుగు మన గడప దాకా వచ్చింది. 1990లో నీలగిరుల్లో గూడలూరు దగ్గర దేశంలో మొదటిసారి కనిపించిన కాఫీ కాయతొలుచు పురుగు, 2025లో అరకు ప్రాంతపు తోటల్లో బయటపడింది. దానికి పెట్టే బ్రోకా ట్రాప్‌లో ఎర ఫెరోమోన్ కాదు, ఇథనాల్, మిథనాల్ మిశ్రమం. దాని ఆడపురుగు కాయలోకి ఒంటరిగా చొరబడుతుంది, గుంపును పిలవాల్సిన అవసరం లేదు. పండిన కాయ వాసన పట్టడమే దాని మీసాలకున్న పని కాబట్టి ట్రాప్ కూడా ఆ వాసననే అనుకరిస్తుంది.